పాట రాని పాటల పంతులు

నాకు పాడరాదు. గొంతు లేక కాదు. గొంతు మంచిగనే ఉంటది, మాట్లాడితే నాలుగిండ్ల అవతలికి వినపడ్తది. పాట మొదలువెట్టిన్నంటె మాత్రం అది నా మాట వినదు. మీదికి పొమ్మంటే కిందికి పోతది, కింద ఉండమంటే దర్వాజ దాటి బయటికి పోతది. చిన్నప్పుడు మా ఊళ్లె భజనకు పోతే మొదటి వారం నన్ను ముందట కూసోవెట్టిన్రు. రెండో వారం తాళాలు చేతికిచ్చి, "నువ్వు ఇవి కొట్టు బిడ్డా, నోరు తెరువకు" అన్నరు. మూడో వారం తాళాలు గూడ తీస్కొని దీపంల నూనె పోసే పని అప్పజెప్పిన్రు.

అట్లాంటి నేను పదకొండేండ్లు బడిపిల్లలకు పాటలు నేర్పిన. అది ఎట్లయిందో చెప్పాలె.

మాది కరీంనగర్ దిక్కు సాలోళ్ల ఇల్లు. బాపు మగ్గం నేస్తుండె. నేను మెట్రిక్ పాసై ఇంట్ల ఖాళీగ కూసున్న. ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటేడు, పంతుళ్ల కొలువులున్నయి రమ్మని కరీంనగర్ కు పిలిచిన్రు. పోయేసరికి వరండాల ముప్పై మందిమి. లోపలికి పోయి వచ్చినోడల్లా బయటున్నోళ్లకు ఒక్కటే చెప్తుండు: "లెక్కలు అడుగుతలేరు, తెలుగు అడుగుతలేరు. సదువు గాక ఇంకేమొస్తదని అడుగుతున్నరు."

ఇగ అందరం ఏమొస్తదా అని ఆలోచనల పడ్డం. ఒకడు డ్రిల్లు వస్తదన్నడు. ఒకడు బొమ్మలన్నడు. నా ముందటాయన తోటపని చెప్పిండు. నాకు వచ్చింది నేత ఒక్కటే. నేత వస్తదంటె పోయి నేసుకో అంటరని భయం. లోపలికి పోయిన. మేజ మీద తల వంచి రాసుకుంట ఆఫీసరు అడిగిండు, "నీకేమొచ్చు?"

"పాటలు వాడుత సార్" అన్న. ఆ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు ఇప్పటికి తెల్వదు.

ఆయన తల ఎత్తి మొదటిసారి నా మొకం చూసిండు. "ఏదీ, ఒకటి వాడు."

నేను గొంతు సవరించుకున్న. పక్కన కూసున్న ఇంకో ఆఫీసరు చేతి గడియారం చూసుకున్నడు. "బువ్వ యాళ్లయింది. రాస్కోండ్రి, మనిషిని చూస్తెనే తెలుస్తలేదా" అన్నడు. ఆయన నా జుట్టు చూసి అన్నడు. అప్పుడు నాకు జుట్టు మెడదాక ఉండె.

పదిహేను దినాలకు కాయితం వచ్చింది. మంచిర్యాల అవతల బొగ్గుబాయి ఊళ్లె ప్రైమరీ బడి, మూడు నాలుగు తరగతులు, దాంతోపాటు సంగీతం. బాపు మగ్గం ఆపి నాతోని రెండుసార్లు చదివించుకున్నడు.

"గీ కాయితం మనదేనా? పేరు మంచిగ సూడు" అన్నడు.

"మనదే బాపు."

"సంగీతం అని ఉందా, సంఘం అని ఉందా?"

అవ్వ మధ్యల వచ్చింది. "పోనియ్యున్రి. చిన్న పోరగాండ్లు గదా, వాళ్లకేం తెలుస్తది తియ్యి."

మంచిర్యాల్ల రైలు దిగి, బొగ్గు లారీల డ్రైవరు పక్కన కూసొని ఆ ఊరికి పోయిన. అది ఊరంటే ఊరు కాదు. కంపెనీ క్వార్టర్లు, లైన్లకు లైన్లు. మా కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినోళ్లు, ఆదిలాబాద్ మీది మరాఠోళ్లు, ఎక్కడో ఉత్తరాన బీహార్ దిక్కోళ్లు, కింది నుంచి అరవోళ్లు. నల్లా కాడ నాలుగు భాషల కొట్లాట అవుతుండె. అందరికి అన్ని భాషల తిట్లు తెలుసు.

బడి రేకుల షెడ్డు. పంతుళ్లం ఇద్దరమే. పెద్దసారు ఉర్దూ బడుల కాలం మనిషి. సన్నటి షేర్వాణి, తెల్ల గడ్డం, మెత్తటి మాట. సర్కారు మారినంక తెలుగుల చెప్పాలన్నప్పుడు యాభై ఏండ్ల వయసుల పలక పట్టి అ ఆలు దిద్దిండట. ఆయన నిన్న పిల్లలకు చెప్పిన పాఠం, మొన్న ఆయన నేర్చుకున్నదే. ఆ సంగతి ఆయనే నవ్వుకుంట చెప్తుండె.

నన్ను చూడంగనే కుర్చీలకెల్లి లేచిండు. "ఆయియే మౌసిఖీ సాబ్" అన్నడు. మౌసిఖీ అంటే సంగీతమట. "ఇరవై ఏండ్ల సంది గీ బడిల లొల్లి ఇన్న. ఇగ పాట ఇంట. దేవుడు నా మొర ఆలకించిండు."

ఆ మాటకు నా పానం చివుక్కుమన్నది. అప్పుడే చెప్పేస్తె అయిపోతుండె. కాని ఆయన అప్పటికే అల్మారి తెరిచి, గుడ్డల చుట్టిన హార్మోనియం పెట్టెను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకొస్తున్నడు. ఎప్పుడో నాటకాలోళ్లు వచ్చి, గాలివానకు డేరా చినిగితే ఇది ఇక్కడ వదిలి పోయిన్రట. రెండు మెట్లు నొక్కితే పలుకవు. నడుమ ఒక మెట్టు ఉన్నది, అది నొక్కితే ఇగ ఆగదు. గోరు పెట్టి మీదికి లేపాలె. లేపేదాక ఒక్క తీరుగ బోమ్మని ఒర్రుతనే ఉంటది.

తెల్లారి సంగీతం క్లాసు. నాలుగు తరగతుల పిల్లలు కలిసి యాభై మంది. ఏం చెప్పాలెనో తోచక, "మీ మీ ఇండ్లల్ల పాడే పాట ఒక్కొక్కటి వాడున్రి" అన్న. ఒక్కొక్కరిని పాడమన్న అని నా లెక్క. వాళ్లకు అందరిని ఒకటేసారి పాడమన్నట్టు అర్థమైంది. యాభై మంది నాలుగు భాషలల్ల, కండ్లు మూసుకొని, నరాలు ఉబ్బేటట్టు అందుకున్నరు. పాట రాని పిల్లగాడొకడు మూడో ఎక్కం అందుకున్నడు. ఒక చిన్నపిల్ల ఏడుపు అందుకున్నది. నేను హార్మోనియం మీద చెయ్యి పెడితే సరిగ్గ ఆగని మెట్టు మీదనే పడ్డది.

లైన్లకెల్లి ఆడోళ్లు ఉరికొచ్చిన్రు. ముందు వచ్చినామె కొంగు నడుముకు చెక్కుకొని, "ఎవల్ని కొడుతున్నవ్ సారూ?" అని అడిగింది.

పెద్దసారు దర్వాజ కాడ గోడకు చెయ్యి ఆనిచ్చి నిలబడ్డడు. తర్వాత, "మొదటి దినం గదా" అని తనకు తానే చెప్పుకొని పోయిండు.

రెండో దినం గూడ అంతే. మూడో దినం గోడ అవతలి దవాఖాన నుంచి నర్సమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, తెల్ల చీర, నడుముకు తాళంచెవుల గుత్తి. మూడో లైన్ల వాళ్ల చిన్న చర్చి ఉండె. ఆదివారం అక్కడ పాటలు మొదలువెట్టేది ఆమెనే అని పిల్లలు చెప్పంగ విన్న.

"సారూ, మా దవాఖాన్ల ఇద్దరు జరమోళ్లున్నరు" అన్నది. "మూడొద్దుల సంది జరం దిగుతలేదు. మీ క్లాసుతోని అంటలేను. జర అనుమానమైతే ఉన్నది."

నేను తల వంచుకున్న.

"మీకు పాట రాదు గదా?"

"రాదమ్మా."

"మరి గీ కొలువు ఎట్లొచ్చింది?"

ఉన్నదున్నట్టు చెప్పిన. తోటపని ఆయన, గడియారం ఆయన, నా జుట్టు, అన్నీ. ఆమె నవ్వలే. నవ్వు ఆపుకోవటానికి గుత్తిల తాళంచెవులు ఒక్కొక్కటి లెక్కవెట్టుకుంట నిలబడ్డది.

"రాకపోవుడు తప్పుకాదు. కాని పోరగాండ్లకు తెల్వకముందే నేర్సుకోవాలె. బడి ఇడిసినంక మా చర్చి వరండాలకు రా" అన్నది. "సారూ" పోయి "రా" వచ్చింది. నాకు పానం నిమ్మళమైంది.

ఒక నెల దినాలు పోయిన. వరండాల ఆడోళ్లు ఆరుగురు కూసొని ఆదివారం పాటలు మళ్లమళ్ల పాడుకుంటుండె. నన్ను ఒక కొసకు కూసోవెట్టి ఆమె ఒక్కొక్క స్వరం చెప్పింది. తిట్టింది, బతిమాలింది, సొంఠి కషాయం తాగించింది. స అంటే నేను అన్నది స కాదు, రి కాదు, రెండింటి నడుమ ఎవ్వలకు పనికిరాని జాగ. నెల అయినంక ఒకనాడు ఆమె అలిసిపోయి చెంగుతోని మొకం తుడుచుకున్నది.

"బిడ్డా, నీకు గొంతు ఎన్నడు రాదు. ఆశ ఇడిసిపెట్టు" అన్నది.

అంతలనే పక్కన ఆడోళ్లు ఏదో పాడుతుంటె నా నోట్లకెల్లి మాట జారింది. "నర్సమ్మా, గా కొసకు కూసున్న పెద్దమ్మ జర ఎనకవడుతుంది. నడుమామె కిందికి పోతుంది."

ఆమె నా దిక్కు వింతగ చూసింది. ఆడోళ్లను మళ్ల పాడమన్నది. మళ్ల చెప్పిన. నన్ను గోడ దిక్కు తిప్పి కూసోవెట్టి, ఇద్దరిద్దరిని పాడించి, ఎవ్వరు తప్పిన్రో చెప్పమన్నది. ఒక్కటి గూడ తప్పు చెప్పలే. చిన్నప్పటి సంది మగ్గాల నడుమ పెరిగినోణ్ని. పోగు తెగితే బాపు చూడకముందే చప్పుడుతోని నాకు తెలుస్తుండె. దాన్నే చెవి అంటరని నాకు అప్పటిదాక ఎవ్వరు చెప్పలే.

"దేవుడు నీకు చెవులిచ్చి గొంతు మర్సిపోయిండు. గా చెవులతోనే పనిజేస్కో" అన్నది నర్సమ్మ. ఎనకవడ్డ పెద్దమ్మ మాత్రం వారం దినాలు నాతోని మాట్లాడలే.

అప్పటి సంది నా క్లాసు మారింది. యాభై మందిని ఒక్కొక్కరిని పాడించి విన్న. మూడో తరగతిల ఒక మరాఠోళ్ల పిల్ల దొరికింది. వాళ్ల బాపు బాయిల బొగ్గు ఎత్తే పని. పిల్ల సన్నగ, పుల్ల లెక్క. గొంతు మాత్రం గీత గీసినట్టు. పెత్తనం గూడ అంతే. ముందు ఆ పిల్ల పాడాలె, తర్వాత అందరు పాడాలె, నేను కండ్లు మూసుకొని వినాలె. "కిటికీ కాడి పిల్లగాడా, కిందికి పోతున్నవ్." "రెండో వరుసల ఎవరో తొందరపడుతున్నరు." నేను కండ్లు తెరువకుండ చెప్తుంటె పిల్లలు నోరు తెరిచి చూసేటోళ్లు.

ఒక్కసారన్న నేను పాడింది లేదు. దానికి వాళ్లే ఒక కారణం కనిపెట్టుకున్నరు. "మా సారు పాడితే రేకులు లేసిపోతయంట, అందుకే పాడడంట" అని లైన్లల్ల చెప్పుకున్నరు. నేను కాదనలే. ఒక తీరుగ అది నిజమే గదా.

ఆ ఊళ్లె షిఫ్టు మారేటప్పుడు బాయి కూత వేస్తది. ఆవిరితోని మోగే పెద్ద సైరన్. పగటిపూట మూడు గంటలకు వేస్తె రేకులు దడదడలాడేటివి. ఒకనాడు కూత వేసేటప్పుడే నా చెయ్యి ఆ ఆగని మెట్టు మీద పడ్డది. మరాఠోళ్ల పిల్ల చెవి నిక్కించి, "సార్, మన పెట్టె, బాయి కూత ఒక్క తీరుగనే ఒర్రుతున్నయి" అన్నది. విన్న. నిజమే. వెంట్రుకవాసి తేడ లేదు. ఇగ సంగీతం క్లాసు మూడు గంటలకే పెట్టుకున్నం. కూత వెయ్యంగనే పిల్లలు దాన్ని పట్టుకొని "సా" అందుకునేటోళ్లు. పాట నేర్పటానికి నాకు కంపెనీయే సాయమొచ్చింది.

పాటలు ఎక్కడియి? నర్సమ్మ చెప్పినవి దేవుని పాటలు. పెద్దసారుకు వచ్చినవి గజళ్లు, పిల్లలకు చెప్పేటియి కావు. అందుకని మేమే ఒకటి కట్టుకున్నం. ఒక్కొక్క పిల్ల ఒక్కొక్క మాట ఇచ్చింది.

కూతేసెనే, కూతేసెనే, బాపు బాయికి వొయ్యెనే
తెల్లంగ వోయిన బాపేమొ, నల్లంగ మారి వచ్చెనే
ఎవ్వలు నువ్వని అడిగితినే, ఏమనకుంట నిలిచెనే
పండ్లు గానొస్త నవ్వంగనే, మా బాపే అని తెలిసెనే

పెద్దసారు మూడు గంటలకు కుర్చీ తెచ్చుకొని దర్వాజ కాడ వేసుకునుడు మొదలువెట్టిండు. కండ్లు మూసుకొని, మోకాలు మీద వేలితోని తాళం వేసుకుంట వినేటోడు. తాళం తప్పుతుండె. నేను చెప్పలే.

అట్ల ఏడాదిన్నర గడిచింది. అప్పుడు వచ్చింది బడుల ఇన్‌స్పెక్టరు వస్తుండని కబురు. కొత్తగ కోస్త దిక్కు నుంచి వచ్చినాయన. సంగీతం నేర్చుకున్న మనిషి, అర్జీలు గూడ రాగం తీసి చదువుతడని పక్క ఊరి పంతులు చెప్పి నన్ను ఇంకింత భయపెట్టిండు. పెద్దసారు మూడు దినాలు నాకంటె ఎక్కువ పరేషాన్ అయిండు. బడి సున్నం వేయించిండు. నాతోని, "ఫికర్ చెయ్యకు. నువ్వు ఒక్కటి వాడు, ఆయన ఖుషీ అయితడు" అన్నడు. ఏడాదిన్నర తర్వాత గూడ ఆయనకు నా సంగతి తెల్వదు. నర్సమ్మ ఎవ్వలకు చెప్పలే.

ఇన్‌స్పెక్టరు పొద్దున పదకొండు గంటలకు వచ్చిండు. పంచె, కోటు, మల్లెపువ్వు లెక్క తెల్లగ. ఆ ఊళ్లె ఆ తెలుపు మధ్యాహ్నం దాక ఉండదని నాకు జాలి అనిపించింది. లెక్కలు అడిగిండు, పాఠం చదివించిండు. తర్వాత కుర్చీల వెనక్కి ఒరిగి, "ఏదీ, ఒక గీతం ఆలపించండి పిల్లలూ" అన్నడు.

పిల్లలు నా మొకం చూసిన్రు. "పాట వాడుమంటున్నరు" అని చెప్పిన.

"ముందు సరళీ స్వరాలు. మాయామాళవగౌళ వచ్చునా?" అన్నడాయన.

కిటికీ కాడి పిల్లగాడు లేచి నిలబడి, మంచి మర్యాదగ, "సార్, మాళవ గౌడ్ మా లైన్ల లేడు. గౌండ్లోళ్లు ఎనక లైన్ల ఉంటరు, అక్కడ అడుగున్రి" అన్నడు.

ఇన్‌స్పెక్టరు కోపం చెయ్యలే. నా దిక్కు తిరిగి, "పిల్లలకు శాస్త్రం రాలేదు, పరవాలేదు. గురువుగారు పాడండి, వాళ్లు అనుసరిస్తారు. మీ గాత్రం గురించి ఇక్కడ చాలా చెప్పుకుంటున్నారండీ" అన్నడు.

రేకులు లేసే ముచ్చట ఆయన దాక పోయింది. పెద్దసారు సంతోషంగ తల ఊపిండు. యాభై మంది పిల్లలు ఊపిరి బిగవట్టి కూసున్నరు. ఇన్నొద్దులకు సారు పాడుతుండు. కొందరు రేకుల దిక్కు చూస్తున్నరు. నేను లేచిన. ఇప్పుడన్న నిజం చెప్పాలె అనుకున్న. కాని నోరు తెరిచేసరికి మాటకు బదులు పాటకు తెరిచినట్టయింది.

అప్పుడే బాయి కూత వేసింది.

పదకొండున్నరకు. షిఫ్టు మారే యాళ్లకు కాకుంట కూత వేస్తె ఆ ఊళ్లె దానికి ఒక్కటే అర్థం. ఒక్క పిల్ల గూడ చప్పుడు చెయ్యలే. పలకలు ఎక్కడియి అక్కడ్నే పెట్టి, యాభై మంది లేచి, దర్వాజల కెల్లి, కిటికీల కెల్లి బయటికి ఉరికిన్రు. రెండు నిమిషాలల్ల బడి ఖాళీ.

ఇన్‌స్పెక్టరు ఖాళీ బెంచీలు చూసిండు. తెరిచి ఉన్న నా నోరు చూసిండు. "పారిపోయారేమిటండీ?" అన్నడు. ఆయనకు వచ్చిన అనుమానం ఆయన మొకంల తెలుస్తనే ఉన్నది.

"హుజూర్, పాటకు కాదు" అన్నడు పెద్దసారు. అప్పటికే ఆయన దర్వాజ దిక్కు నడుస్తున్నడు. "బాయి. బాయిల ఏమో అయింది."

అందరం ఉరికినం. పెద్దసారు షేర్వాణి పట్టుకొని, ఇన్‌స్పెక్టరు పంచె పట్టుకొని. గేటు కాడికి పోయేసరికి ఆడోళ్లంతా వచ్చిన్రు. పిండి చేతులతోని కొందరు, తడి బట్టలతోని కొందరు. ఎవ్వలు ఏడుస్తలేరు. కూత మాత్రం ఆగుతలేదు. నర్సమ్మ తన సంచి పట్టుకొని గేటుకు ఆనుకొని నిలబడ్డది. మరాఠోళ్ల పిల్ల రెండు చేతులతోని గేటు చువ్వలు పట్టుకున్నది. వాళ్ల బాపు ఆ షిఫ్టులనే ఉన్నడు. నేను పోయి పక్కన నిలబడ్డ. తల మీద చెయ్యి పెడితే, పిల్ల మెడ కట్టె లెక్క బిగుసుకపోయి ఉన్నది.

ఎంతసేపో తెల్వదు. బాయిలర్ ఇంటి నుంచి ఒకాయన, ఆవిరితోని నిండ తడిసి, తువ్వాల ఊపుకుంట వచ్చిండు. "ఏం గాలే. ఎవ్వలకు ఏం గాలే. కూత గొట్టం బిగుసుకపోయింది, బంద్ చేస్తె అయితలేదు. ఆవిరి దిగేదాక గిట్లనే మోగుతది" అన్నడు.

ఆడోళ్లు ఉన్నకాడ్నే కూలవడ్డరు. తర్వాత ఆయనను తిట్టుడు మొదలువెట్టిన్రు. నాలుగు భాషల తిట్లు ఒక్కమనిషికి పడంగ నేను చూసుడు అదే మొదలు. ఆయన తువ్వాల నెత్తిన కప్పుకొని నిలబడి తిట్లన్ని పడ్డడు. ఇన్‌స్పెక్టరు ఒక బొగ్గు కుప్ప మీద కూసున్నడు. పంచె సంగతి మర్చిపోయిండు.

ఇంతల బాయిల నుంచి మొగోళ్లు మీదికి రావట్టిన్రు. కిందున్నోళ్లకు కూత వినపడదు. ఎవరో పోయి, మీద కూత ఆగుతలేదు, క్వార్టర్ల దిక్కు ఏమైందో అని చెప్పిన్రట. ఇగ వాళ్లు మా కోసం పరేషాన్ అయి ఎక్కొచ్చిన్రు. గేటుకు ఇవతల మేము, అవతల వాళ్లు. ఏమైందని వాళ్లు మమ్ముల అడుగుతున్నరు, ఏమైందని మేము వాళ్లను అడుగుతున్నం. కూతల ఎవ్వలకు ఏం వినపడుతలేదు.

అందరు ఒక్క తీరు నల్లగున్నరు. మరాఠోళ్ల పిల్ల ఒక్కొక్క మొకం చూస్తుంది, వాళ్ల బాపు దొరుకుతలేడు. నేను గూడ వెతికిన. ఎవ్వరు ఎవ్వరో తెలుస్తలేదు. కూత ఒక్క తీరుగ మోగుతనే ఉన్నది. ఆ పిల్ల ఎందుకు అట్ల చేసిందో, అలవాటుతోనో, భయంతోనో, "సా" అని అందుకున్నది. ఎనక నుంచి కిటికీ కాడి పిల్లగాడు అందుకున్నడు. తర్వాత అందరు. కూతేసెనే, కూతేసెనే.

మొగోళ్లకు ముందు అర్థం కాలే. తర్వాత వాళ్ల మీదనే పాట అని తెలిసింది. తెల్లంగ పోయిన బాపు నల్లంగ వచ్చె అనంగనే ఒకరి మొకం ఒకరు చూసుకొని నవ్విన్రు. ఒక్కసారి అన్ని నల్ల మొకాలల్ల పండ్లు మెరిసినయి. మూడో వరుసల ఒకాయనకు ముందటి పన్ను సగమే ఉన్నది. పిల్ల పాట విడిసి, "బాబా" అని ఒర్రి, గేటు చువ్వల సందుల దూరి పోయింది. అంత సన్నటి సందుల మనిషి పడతదని ఎవ్వలు అనుకోలే.

నర్సమ్మ సంచి కింద పెట్టి, చెంగు మొకానికి అడ్డం పెట్టుకున్నది. మిగిలిన పిల్లలు పాట ఆపలే. నేను చెప్పేదాక ఆపొద్దని నేర్పింది నేనే.

ఆవిరి దిగి కూత ఆగినంక మళ్ల బడికి వచ్చినం. ఇన్‌స్పెక్టరు మంచినీళ్లు అడిగి, రెండు లోటలు తాగిండు.

"అది ఏ రాగమండీ?" అని అడిగిండు.

"తెల్వదు సార్."

"నాకూ తెలియడం లేదు" అన్నడు. లోట కింద పెట్టి, "నాకు నేర్పుతారా?" అన్నడు.

అప్పటికే ఆ పిల్ల వాళ్ల బాపును ఇంట్ల దిగవెట్టి వచ్చింది. నేను ఆ పిల్లను ముందటికి పిలిచిన. ఇన్‌స్పెక్టరు బాసెంపట్ట వేసుకొని కూసొని మొదటి వరుస అందుకున్నడు. ఆయన గొంతు మంచిగున్నది. కాని "కూతేసెనే" ల ప్రతి అక్షరాన్ని ఊపి, తిప్పి, ఒక గుడి చుట్టూ తిరిగొచ్చినట్టు తిరిగొచ్చి దింపిండు.

"అసం నాహి" అన్నది పిల్ల. వాళ్ల భాషల, అట్ల కాదు అని. "గుంజద్దు సార్. సీద వాడున్రి."

పెద్దసారు లబలబలాడి, "తప్పు, తప్పు, హుజూర్ తోని గట్ల అంటరా" అన్నడు. ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టి, మళ్ల పాడిండు. మళ్ల "గుంజద్దు." ఐదోసారికి పిల్ల తల ఊపింది. ఆయన మొకంల వచ్చిన సంతోషం చూసి నేను ఇగ ఆగలేకపోయిన.

"సార్, ఒక మాట. నాకు పాడరాదు. కొలువుకు అబద్ధం చెప్పిన" అన్న.

పెద్దసారు నా దిక్కు తిరిగిండు. ఇన్‌స్పెక్టరు మాత్రం కోటు దులుపుకుంట, "తెలుసండీ" అన్నడు.

"మీరు వినలేదు గద సార్. నేను పాడేలోపలనే కూత వేసింది."

"మీరు నోరు తెరిచిన తీరు చూశాను. అది చాలదా?"

ఆయన పోయినంక పెద్దసారు చేతుల కట్టెతోని నేల మీద గీతలు గీసుకుంట కూసున్నడు. చివరికి, "నాకు తెలుగు రాదు, నీకు పాట రాదు. బడి మాత్రం మంచిగ నడుస్తుంది. క్యా బాత్ హై" అని, ఇద్దరికి చాయ్ తెప్పించిండు.

నా కొలువు పోతదనుకున్న. రెండు నెలలకు కాయితం వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఏం రాసిండో ఏమో, తాలూకాల ఉన్న పంతుళ్లందరికి పిల్లల పాటలు ఎట్ల నేర్పాలెనో మూడు దినాలు చెప్పటానికి ఆసిఫాబాద్ కు పొమ్మని అండ్ల ఉన్నది. పోయిన. జైనూర్ దిక్కు అడివి ఊర్ల నుంచి గూడ నడిచి వచ్చిన పంతుళ్లు, ముప్పై మంది, నాకంటె పెద్దోళ్లు. మొదటి దినం లేచి నిలబడంగనే ముందే చెప్పేసిన, "అన్నలారా, నాకు పాడరాదు. వినుడొక్కటే వస్తది. అదే చెప్త."

ఎవ్వలు నమ్మలే. "పెద్ద విద్వాంసులు గిట్లనే అంటరు" అని ఒకరికొకరు చెప్పుకున్నరు. మొదటి దినమంతా ఒక్కటన్న పాడుమని బతిమాలిన్రు. రెండో దినం ఒకాయన దండ గూడ తెచ్చిండు. మూడో దినం పగటి బువ్వ తిన్నంక, ఇగ తప్పదని, హార్మోనియం ముందట కూసొని ఒక వరుస పాడిన.

ఆ తర్వాత ఎవ్వలు అడగలే. పొద్దు గూకేదాక అందరు మంచిగ పని నేర్చుకున్నరు.